అప్‌డేట్: చిన్న ట్రిప్‌కి రోమ్, పారిస్, ఇస్తాంబుల్‌లో ఏది? చివరికి ఏం తేలిందంటే

దొరికిన కొద్దిపాటి సెలవులో, మోకాళ్ల నొప్పులున్న అమ్మతో ఈ మూడింటిలో ఎక్కడికి వెళ్లాలని అడిగింది నేనే. ఇస్తాంబుల్ వెళ్లొచ్చాం. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

అన్నిటికంటే పనికొచ్చింది "ముందు ఏది ఏ రోజు మూసేస్తారో చూసుకోండి" అన్న సలహా. మాకు దొరికినవి శని, ఆది, సోమవారాలు. తోప్‌కాపి ప్యాలెస్‌కి మంగళవారం సెలవు, దాంతో ఇబ్బంది లేదు. గ్రాండ్ బజార్ ఆదివారం ఉండదు, అందుకే దాన్ని శనివారమే కానిచ్చేశాం. పారిస్ అనుకునేవాళ్లకి: లూవ్ర్ మ్యూజియంకి కూడా మంగళవారమే సెలవు.

పాత నగరంలోని సుల్తానహ్మెత్ ప్రాంతంలో దిగమన్నవారి మాటా నిజమే. హగియా సోఫియా (ఇప్పుడు మసీదు), బ్లూ మసీదు, నేల కింద ఉన్న బసిలికా సిస్టర్న్ అన్నీ పక్కపక్కనే. హగియా సోఫియాలో మాత్రం ఇప్పుడు పర్యాటకుల్ని పై గ్యాలరీకే పంపుతున్నారు, ఎక్కక తప్పదు. అమ్మ బయటే కూర్చుంది. సిస్టర్న్‌కి మెట్లు దిగాలి గానీ, దిగాక హాయి. 6వ శతాబ్దపు నీటి గది, నీళ్లలో వరుసగా స్తంభాలు. ఓ మూల రెండు స్తంభాల కింద మెడూసా (గ్రీకు కథల్లో పాముల జుట్టున్న స్త్రీ) తలలు: ఒకటి తలకిందులుగా, ఇంకోటి పక్కకి ఒరిగి. అమ్మ అక్కణ్నుంచి ఓ పట్టాన కదల్లేదు.

నన్ను తెగ టెన్షన్ పెట్టిన "ఏ ఎయిర్‌పోర్టులో దిగాలి" అన్నది అసలు సమస్యే కాదు, ఇస్తాంబుల్‌లోని రెండు ఎయిర్‌పోర్టులకీ మెట్రో ఉంది. ఎమినోను నుంచి కడికోయ్‌కి ఫెర్రీ మాత్రం వదలకండి. నడక లేకుండా యూరప్ నుంచి ఆసియాకి వెళ్లొచ్చు, పైగా దారంతా సీగల్స్ వెంటపడతాయి.

శుక్రవారం వెళ్లేవాళ్లు మధ్యాహ్నం నమాజు వేళ మసీదులు పెట్టుకోకండి, లోపలికి పంపరు.