చౌటుప్పల్ దిగాక రాచకొండకు ఎలా వెళ్లాలి?

అన్నలూ అక్కలూ, మాకు బండి లేదు. అమ్మకీ నాకూ మహాలక్ష్మి ఉచిత టికెట్టే కాబట్టి పల్లెవెలుగైనా ఎక్స్‌ప్రెస్సైనా ఫర్వాలేదు. భువనగిరి కోట చూసేశాం. ఉప్పల్‌లో యాదగిరిగుట్ట బస్సెక్కితే చాలు, కోట ఉన్న ఆ ఏకశిల కొండ దూరం నుంచే కనిపిస్తుంది. కాకపోతే మధ్యాహ్నానికి రాయి పెనంలా కాలిపోతుంది, రెయిలింగ్ మీద చెయ్యి ఆనదు. అనంతగిరికి వికారాబాద్ దాకా బస్సులున్నాయి గానీ ఆదివారం జనమే జనం.

ఇప్పుడు రేచర్ల పద్మనాయక రాజుల రాచకొండ కోట ఎక్కాలని ఉంది. ఎల్బీనగర్ నుంచి చౌటుప్పల్ దాకా ఢోకా లేదు. అక్కడి నుంచి సంస్థాన్ నారాయణపురం వైపు ఆదివారం పొద్దున బస్సులు దొరుకుతాయా? కోట దాకా ఆటోవాళ్లు వస్తారా, వస్తే తిరిగి తీసుకురావడానికి ఆగుతారా? నీళ్లు, పులిహోర మేమే మోసుకెళ్తాం. ఈమధ్య వెళ్లొచ్చినవాళ్లు చివరి బస్సు ఎన్నింటికో చెప్పినా చాలు.