2023లో ఉక్రెయిన్ ఎదురుదాడి ఆగిపోయింది ఆయుధాలు ఆలస్యమవడం వల్లా, పథకం తప్పడం వల్లా?

జపోరిజియా డాక్టర్

మొన్న మా హాస్పిటల్ క్యాంటీన్‌లో ఉక్రెయిన్ యుద్ధం మీద గంటసేపు వాదన నడిచింది. "2023లో అన్ని ట్యాంకులిచ్చినా రష్యా లైను దాటలేకపోయారు, ఇంక ఎంత సాయం చేసినా అంతే" అన్నాడు తోటి డాక్టరు. అక్కడ నోట మాట రాలేదు. నిదానంగా ఇక్కడ రాస్తున్నాను.

నేను ఎంబీబీఎస్ చదివింది జపోరిజియాలో. వేసవిలో బస్సెక్కి వాసిలివ్కా, తోక్మాక్ మీదుగా బెర్ద్యాన్స్క్ బీచ్‌కి వెళ్ళేవాళ్ళం. దారంతా పొద్దుతిరుగుడు చేలే. చేనుకీ చేనుకీ మధ్య గాలిని ఆపడానికి పెంచిన చెట్ల వరస ఉంటుంది. అది తప్ప కంటికి ఏదీ అడ్డం రాదు, చిన్న గుట్ట కూడా ఉండదు. తర్వాత ఆ చెట్ల కిందే రష్యా సైన్యం కందకాలు తవ్వింది. వీడియోల్లో ఆ చెట్లను చూసినప్పుడల్లా బస్సు కిటికీ గుర్తొస్తుంది. మేం 2022 మార్చిలో రైలెక్కి బయటపడ్డాం. మాకు అనాటమీ చెప్పిన మేడమ్ అక్కడే ఉండిపోయారు.

ఇక నా వాదన. ఒక్కసారి తేదీలు చూడండి. 2022 సెప్టెంబరులో ఉక్రెయిన్ సైన్యం ఖార్కివ్ వైపు బలక్లియా, కుప్యాన్స్క్, ఇజ్యుం వరసగా విడిపించింది. నవంబరు 11న ఖెర్సన్‌లో అడుగుపెట్టింది. రష్యాకు అప్పుడు మనుషుల కొరత ఎంత ఉందంటే, సెప్టెంబరు 21న 3 లక్షల మందిని పిలవాల్సి వచ్చింది. దెబ్బ మీద దెబ్బ కొట్టాల్సింది అప్పుడే. కానీ లెపర్డ్ ట్యాంకులివ్వడానికి జర్మనీ ఒప్పుకున్నది 2023 జనవరి 25న. అమెరికా ఇస్తానన్న 31 ఏబ్రమ్స్ ట్యాంకులు చేరింది సెప్టెంబరు, అక్టోబరుల్లో, అంటే జూన్‌లో ఎదురుదాడి మొదలైన మూడు నెలలకు. దూరం వెళ్ళే అటాక్‌మ్స్ క్షిపణులు అక్టోబరులో వచ్చాయి. ఎఫ్-16 విమానాలు 2024 ఆగస్టుకి గానీ కనపడలేదు. ప్రతి ఆయుధానికీ ముందు కుదరదన్నారు, తర్వాత ఇచ్చారు. ఆ మధ్య కాలంలో రష్యా మందుపాతరలు పాతుకుంటూ కూర్చుంది. నా దృష్టిలో తప్పు సైన్యానిది కాదు, ఆ ఆలస్యానిది.

మాజీ శాపర్

డాక్టరు గారూ, తేదీలు సరిగ్గానే చెప్పారు. కానీ ఆలస్యం ఒక్కటే కారణమంటే నేను ఒప్పుకోను. మాది శ్రీకాకుళం, సైన్యంలో మందుపాతరల పని చూసే ఇంజనీర్ల దళం మద్రాస్ శాపర్స్‌లో పనిచేసి రిటైరయ్యాను. మందుపాతరలంటే ఏమిటో చేతులతో తెలుసుకున్నవాణ్ణి.

2002లో పాకిస్తాన్ సరిహద్దుకు మన సైన్యాన్ని కదిపిన ఆపరేషన్ పరాక్రమ్‌లో, రాజస్థాన్ వైపు మేమే పాతాం, మేమే తీశాం. మా పాతర్లు, మా మ్యాపులు, ఎదురుగా కాల్చేవాడు లేడు. అయినా మా వాళ్ళు ప్రాణాలు, కాళ్ళు పోగొట్టుకున్నారు. గాలికి ఇసుక కదిలితే మ్యాపులో గుర్తు ఒకచోట, పాతర ఇంకోచోట. బోర్లా పడుకుని సన్నటి కడ్డీని ఏటవాలుగా గుచ్చుతూ, ఏదైనా తగిలితే ఊపిరి బిగబట్టి వేళ్ళతో మట్టి తీయాలి. పొద్దున్న మొదలుపెడితే మధ్యాహ్నానికి ఎన్ని గజాలు కదులుతాం అనుకుంటున్నారు?

జపోరిజియా వైపు ఒరిఖివ్ దగ్గర ఉక్రెయిన్ వాళ్ళు అదే పని ఫిరంగుల కింద చేయాల్సి వచ్చింది. కొన్నిచోట్ల ఆ పాతర్ల లోతు 15, 20 కిలోమీటర్లని అప్పటి ఉక్రెయిన్ సైన్యాధిపతి జలూజ్నీయే 2023 నవంబరులో ఎకానమిస్ట్ పత్రికలో రాశారు. యంత్రాలతో దారి చేసినా అది ఒక బండి పట్టేంత వెడల్పే ఉంటుంది. ముందు బండి దెబ్బతింటే వెనకవన్నీ అక్కడే ఆగాలి. జూన్ మొదట్లో మాలా తోక్మాచ్కా దగ్గర లెపర్డులు, బ్రాడ్లీ సాయుధ వాహనాలు ఒకదానికొకటి ఆనుకుని ఆగిపోయిన ఫోటో లోకమంతా చూసింది. రష్యా కేఏ-52 హెలికాప్టర్లు భుజం మీద నుంచి కాల్చే క్షిపణులకు అందనంత దూరం నుంచి కొట్టాయి. వాటిని తరిమే విమానాలు వీళ్ళకి లేవు.

పైన కాపు లేకుండా పాతర్ల మీదకు ట్యాంకుల్ని పంపే పథకం ఏ సైన్యం వేస్తుంది? దానికితోడు బలాన్ని మూడు చోట్లకి చీల్చారు. ఒరిఖివ్, వెలికా నొవొసిల్కా, బఖ్ముత్. యుద్ధంలో ఆరితేరిన బ్రిగేడ్లు చాలావరకు బఖ్ముత్ వైపే ఉన్నాయి. ముఖ్యమైన దారిలో ముందు నడిచింది 47వ బ్రిగేడ్, అప్పుడే కొత్తగా ఏర్పాటైంది. ఒక్కచోటే గట్టిగా కొట్టమని అమెరికా జనరల్స్ చెప్పారని, కీవ్ వినలేదని అప్పట్లోనే వార్తలొచ్చాయి. ఇది ఆలస్యం కాదండీ, నిర్ణయం. చివరికి ఆగస్టులో చేతికొచ్చింది రొబోటినే అనే చిన్న ఊరు. అక్కడినుంచి తోక్మాక్ ఇంకా ఇరవై పైచిలుకు కిలోమీటర్లు.

కాకినాడ పోర్టు

ఇద్దరూ ఎలా గెలిచేవాళ్ళో మాట్లాడుతున్నారు. నేను అసలు బయటివాళ్ళ చెయ్యి ఎందుకని అడుగుతున్నాను. 2008లో బుకారెస్ట్ సమావేశంలో నాటో ఉక్రెయిన్‌కి సభ్యత్వం వస్తుందని మాటిచ్చింది, ఎప్పుడో చెప్పలేదు. రక్షణా ఇవ్వలేదు, రష్యాకు కోపమూ తెప్పించింది. 2022 మార్చిలో ఇస్తాంబుల్‌లో రెండు పక్షాలూ కూర్చుని మాట్లాడుకున్నాయి కదా. ఆ తర్వాత ఆయుధాలు పెరిగాయి, శవాలూ పెరిగాయి. నేను వంటనూనె దిగుమతి వ్యాపారంలో ఉన్నాను. ఆ మార్చిలో పొద్దుతిరుగుడు నూనె ధర రోజుకొకటి పలికింది. చిన్న హోటళ్ళవాళ్ళు ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశారు. యుద్ధం సాగితే నష్టపోయేది ఇలాంటివాళ్ళే.

డాలస్ వదిన

కాకినాడ అన్నయ్య గారూ, హోటళ్ళవాళ్ళ బాధ నిజమే, నేను కాదనను. కానీ బయటి చెయ్యి ఒకవైపే ఉందా? రష్యాకు షాహెద్ డ్రోన్లు ఇరాన్ నుంచి వచ్చాయి. ఫిరంగి గుండ్లు ఉత్తర కొరియా పంపింది, 2024లో రష్యాలోని కుర్స్క్‌కి పదివేలకు పైగా సైనికుల్నే పంపింది. పడమటి దేశాలు ఆపేస్తే ఒకవైపు సాయం మాత్రమే ఆగుతుంది. 1994లో బుడాపెస్ట్‌లో అమెరికా, బ్రిటన్, రష్యా సంతకాలు పెట్టి సరిహద్దులకు హామీ ఇస్తేనే ఉక్రెయిన్ తన దగ్గరున్న అణ్వాయుధాలు వదులుకుంది. ఆ కాగితానికి విలువ లేదంటే రేపు ఎవరు వదులుకుంటారు?

శాపర్ బాబాయ్ గారికి ఒక మాట. 2023 గురించి మీరన్నది ఒప్పుకుంటాను. 2024 సంగతి చూడండి. 61 బిలియన్ డాలర్ల సాయం మా అమెరికా కాంగ్రెస్‌లో ఆరు నెలలు నలిగింది. ప్రతినిధుల సభలో అది ఏప్రిల్ 20న, 311-112 ఓట్లతో గట్టెక్కింది. ఫిబ్రవరి 17నే తూర్పున అవ్‌దీవ్‌కా పట్టణం రష్యా చేతికి పోయింది. గుండ్లు లెక్కపెట్టి కాల్చుకుంటున్నామని అక్కడి సైనికులు చెబుతుంటే, ఇక్కడ టీవీలో మెక్సికో సరిహద్దు గొడవ. నేను మా ప్రతినిధి ఆఫీసుకి రెండుసార్లు ఫోన్ చేశాను. మెసేజ్ రాసుకున్నారు, అంతే. అక్కడ ఏ పథకం వేసినా గుండు లేకపోతే ఏం చేస్తారు బాబాయ్ గారూ?

పాలమూరు పిల్లగాడు

గుండ్లు, ట్యాంకుల మాట సరే, మనుషుల సంగతి చెప్పనివ్వండి. మా పక్క ఊరి పిల్లగాడిని ఒక ఏజెంటు సెక్యూరిటీ హెల్పర్ ఉద్యోగమని రష్యాకు పంపిండు. అక్కడికి పోయినంక చేతికి తుపాకి ఇచ్చిన్రు. ఇంట్లో టీవీ పెట్టడం మానేసిన్రు, వార్త వస్తదేమోనని టెన్షన్. హైదరాబాద్ యువకుడు ఒకాయన అట్లనే పోయి చనిపోయిన సంగతి 2024లో అందరం విన్నం. అంత పెద్ద దేశానికే బయట మనుషులు కావాల్సి వస్తే, ఉక్రెయిన్ పరిస్థితేంది? 2024 ఏప్రిల్‌లో సైన్యంలోకి పిలిచే వయసు 27 నుంచి 25కి దించిన్రు. ట్యాంకులు ఎవరైనా ఇస్తరు అన్నా. కందకంలో కూర్చునే మనిషిని ఎవరిస్తరు?

కాకినాడ పోర్టు

తమ్ముడూ, మీ ఊరి అబ్బాయి క్షేమంగా రావాలి. రాయబార కార్యాలయం ద్వారా కొందరు తిరిగొచ్చారు, ఇంటివాళ్ళని విదేశాంగ శాఖకి రాస్తూ ఉండమను.

వదిన గారు చెప్పిన ఇరాన్, కొరియాల సంగతి కాదనలేను. నేను కళ్ళారా చూసిన ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఇది నా వాదనకే అడ్డు తగిలినా సరే. ఉక్రెయిన్ ధాన్యం ఓడల్ని నల్ల సముద్రం మీదుగా వెళ్ళనిచ్చే ఒప్పందం నుంచి 2023 జులై 17న రష్యా తప్పుకుంది. ఇక ఒడెస్సా నుంచి ఓడ రాదని మా సరుకు రంగంలో అందరూ అన్నారు. ఆగస్టులో ఉక్రెయిన్ తనే రుమేనియా తీరం వెంబడి దారి తెరిచింది. చెప్పుకోదగ్గ నౌకాదళమే లేని దేశం అది. 2022 ఏప్రిల్‌లో సొంత నెప్ట్యూన్ క్షిపణులతో రష్యా యుద్ధనౌక మాస్క్వాను ముంచారు. తర్వాత నీళ్ళమీద నడిచే డ్రోన్లతో, బ్రిటన్ ఇచ్చిన స్టార్మ్ షాడో క్షిపణులతో రష్యా నౌకల్ని చాలావరకు క్రిమియాలోని సెవాస్తపోల్ నుంచి రష్యా రేవు నొవొరసీస్క్‌కి తరిమారు. అంటే సముద్రం మీద పథకం వాళ్ళదే, ఆయుధాల్లో ఎక్కువ వాళ్ళవే, బయటివి అవసరమైనచోట కలుపుకున్నారు. నేల మీద అలా ఎందుకు చేయలేకపోయారు?

మాజీ శాపర్

మంచి ప్రశ్న అడిగారు. సముద్రం మీద వాళ్ళు రష్యన్లని అడ్డుకుంటే చాలు, చోటు పట్టుకుని నిలబడక్కర్లేదు. ఒరిఖివ్‌లో నేల పట్టుకోవాలి. అడ్డుకోవడం చవక, పట్టుకోవడం ఖరీదు. రష్యా 2022లో కీవ్ దగ్గర నేర్చుకున్న పాఠమే ఉక్రెయిన్‌కి 2023లో ఎదురైంది.

అమ్మా, అవ్‌దీవ్‌కా గురించి మీ మాట నిజం. గుండ్లు లేని ఫిరంగి ఇనప ముక్కే. డాక్టరు గారిని ఒకటడుగుతాను. జర్మనీ జనవరిలో కాక నవంబరులోనే లెపర్డులు ఇచ్చి ఉంటే ఏమయ్యేది? సిబ్బందికి శిక్షణ, విడి భాగాలు, బాగుచేసే చోటు, ఇవన్నీ అయ్యేసరికి ఫిబ్రవరి దాటుతుంది. అప్పుడు అక్కడి నేల ఎలా ఉంటుందో మీకే బాగా తెలియాలి.

జపోరిజియా డాక్టర్

తెలుసు సార్. మంచు కరిగాక మార్చిలో ఆ నల్లమట్టి మన రేగడి కన్నా ఘోరం. మొదటి ఏడాది హాస్టల్ వెనక అడ్డదారిన వెళ్ళబోయి బూటు బురదలో వదిలేసి సాక్సుతో క్లాసుకి వెళ్ళాను. అందులో ట్యాంకు నడపమంటే నడవదు.

కాబట్టి నా లెక్క సరిదిద్దుకుంటాను. నవంబరులో ఇచ్చినా చాలదు. 2022 వేసవిలో, హైమార్స్ రాకెట్లు వచ్చిన జూన్ నాటికే ట్యాంకుల నిర్ణయం కూడా జరగాలి. అప్పుడు శరదృతువులో నేల గట్టిగా ఉండగా దక్షిణానికి దిగి ఉండేవాళ్ళు, ఆ చెట్ల వరసల కింద కందకాలు ఇంత లోతుగా లేనప్పుడు. మూడుచోట్లకి చీల్చడం పొరపాటేనని మీతో ఒప్పుకుంటున్నాను. కానీ విమానాలు లేకుండా దాడికి దిగారని మీరన్నారే, ఆ విమానాలు ఆపింది ఎవరు? పైలట్ల శిక్షణకి అమెరికా సరేనన్నదే 2023 మేలో, దాడికి రెండు మూడు వారాల ముందు. చేతిలో లేనిదాన్ని లెక్కలో వేసుకుని పథకం వేయలేరు. ఆగితే, ఇంత ఇచ్చినా కదలరేం అని ఇచ్చినవాళ్ళే అడుగుతారు. జలూజ్నీ ఆ నవంబరు వ్యాసంలో కావాలన్నవాటిలో ఇవి ఉన్నాయి, ఆకాశంలో పైచెయ్యి, పాతర్లు తీసే సాధనాలు, శత్రు ఫిరంగుల్ని వెతికి కొట్టే శక్తి. మూడు నెలలకి ఆయన్ని పదవి నుంచి తప్పించారు.

వదిన గారూ, మీ కాంగ్రెస్ ఆరు నెలల సంగతి మా క్యాంటీన్ వాదనలో నాకు తట్టలేదు. రేపు మా వాడికి ఆ తేదీలే చూపిస్తాను. మా మేడమ్ నుంచి పోయిన నెల మెసేజ్ వచ్చింది. యూనివర్సిటీ క్లాసులు ఆన్‌లైన్‌లో చెబుతున్నారట, సైరన్ మోగితే ఫోన్ పట్టుకుని బేస్‌మెంట్‌కి దిగి అక్కడినుంచి మిగతా పాఠం చెబుతారట.