సూదితో మత్తు ఎక్కించుకునేవారికి ప్రెప్: ముందు మాత్రా, కొత్త సూదా?

మాధురి:
హెచ్‌ఐవీ సోకకుండా ముందుగానే వేసుకునే మందు ప్రెప్. మత్తుమందు సూదితో ఎక్కించుకునేవారికి ఇది దండగ, రోజూ గుర్తుపెట్టుకుని వేసుకోరు అని మొన్న ఒక డాక్టర్ గారే అనడం విన్నాను. చాలా బాధేసింది. బ్యాంకాక్‌లో 2005 నుంచి 2012 వరకు 17 చికిత్సా కేంద్రాల్లో 2,413 మందితో ఒక అధ్యయనం జరిగింది. ప్రెప్‌గా వాడే టెనోఫోవిర్ మాత్ర ఇచ్చినవాళ్లలో 17 మందికి, మందు లేని ఉత్తి మాత్ర ఇచ్చినవాళ్లలో 33 మందికి హెచ్‌ఐవీ సోకింది. అంటే దాదాపు 49 శాతం తగ్గింది. వేసుకోరని మనమే ముందు తేల్చేస్తే ఎలా? అడిగిన ప్రతి ఒక్కరికీ ఇవ్వాలంటాను.

శ్రీకాంత్:
మాధురి గారూ, ఆ అధ్యయనంలోనే ఇంకో సంగతి ఉంది. అందులో చేరినవాళ్లకి కండోమ్‌లు ఇచ్చారు, సూదులు కడుక్కోవడానికి బ్లీచ్ ఇచ్చారు. కొత్త సిరంజిలు మాత్రం ఇవ్వలేదు, అక్కడి ప్రభుత్వ విధానం అందుకు ఒప్పుకోలేదు. ఒకరు వాడిన సూది ఇంకొకరు వాడటం వల్లే జబ్బు వస్తోందని తెలిసి, సూది ఇవ్వకుండా మాత్ర ఇవ్వడం నాకు న్యాయంగా అనిపించదు.

అమెరికాలోని ఇండియానా రాష్ట్రం, స్కాట్ కౌంటీ సంగతి చూడండి. 2015లో ఆ చిన్న ప్రాంతంలోనే 180 మందికి పైగా హెచ్‌ఐవీ బయటపడింది. ఎక్కువ మంది ఒక నొప్పి మాత్రని కరిగించి ఎక్కించుకుంటూ సిరంజిలు పంచుకున్నవాళ్లే. వాడిన సూది తీసుకుని కొత్తది ఇచ్చే కేంద్రాలు నడపడానికి అప్పటికి రాష్ట్ర చట్టం ఒప్పుకోదు. గవర్నర్ ఎమర్జెన్సీ ప్రకటించాకే అనుమతి వచ్చింది. అక్కడ లోటు మాత్రది కాదు, సూదిది. పైగా ప్రెప్ వేసుకున్నా, సూదుల ద్వారానే సోకే కాలేయ జబ్బు హెపటైటిస్ సి ఆగదు, డోసు ఎక్కువై చనిపోవడమూ ఆగదు. మాత్ర ఇచ్చేశాం కదా అని సూదుల కేంద్రానికి డబ్బు ఆపేస్తారేమోనని నా టెన్షన్.

రఘు:
సూదీ వద్దు, మాత్రా వద్దు. మత్తు మానిపిస్తే రెండూ అక్కర్లేదు కదా. మా తమ్ముడు ఈ ఊబిలో ఆరేళ్లున్నాడు, అందుకే చెబుతున్నాను.

సుభద్ర:
రఘు గారూ, మీ బాధ అర్థమైంది. నేను మత్తు మాన్పించే క్లినిక్‌లో 11 ఏళ్లుగా నర్సుని. మానిపించడం మా పనే. హెరాయిన్ లాంటి మత్తుకి బదులుగా క్లినిక్‌లో ఇచ్చే మెథడోన్, బ్యుప్రెనార్ఫిన్ లాంటి మందులు క్రమంగా తీసుకుంటే సూది వాడకం తగ్గుతుంది. మెథడోన్ మీద ఉన్నవాళ్లలో హెచ్‌ఐవీ ముప్పు సుమారు సగానికి పడిపోతుందని పరిశోధనలు చెబుతున్నాయి. కానీ మానేవాళ్లు ఒక్కసారితో మానరు, మళ్లీ జారతారు, మళ్లీ వస్తారు. ఆ మధ్య కాలంలో హెచ్‌ఐవీ సోకితే జీవితాంతం మోయాలి. మీ తమ్ముడు తిరిగి వచ్చే రోజుకి హెచ్‌ఐవీ లేకుండా ఉంటే మంచిదే కదండీ.

శ్రీకాంత్ గారూ, మీరు చెప్పింది చాలావరకు నిజం. కానీ సూది చేతికి రానివాళ్ల సంగతి? నా దగ్గరికి వచ్చే ఆడవాళ్లలో చాలామందికి భర్తో, తోడున్న మగవాడో ఎక్కిస్తాడు. ముందు అతను ఎక్కించుకుంటాడు, అదే సూదితో తర్వాత ఆమెకి. కొత్త సిరంజిల ప్యాకెట్ ఆమె చేతిలో పెట్టినా ఇంటికెళ్లాక అది అతనిదే. కండోమ్ మాట ఎత్తితే దెబ్బలు. అలాంటి మనిషికి, ఎవరినీ అడగకుండా తనంతట తాను మింగగలిగేది మాత్ర ఒక్కటే. ఆమెని సూదుల కేంద్రం వచ్చేదాకా ఆగమని నేను చెప్పలేను.

శ్రీకాంత్:
సుభద్ర గారూ, ఆ కోణం నేను ఆలోచించలేదు. ఒప్పుకుంటున్నాను. అయినా ఒక అనుమానం. మాత్ర దాచుకోవడం మాత్రం తేలికా? ఆ 49 శాతం కూడా చాలామంది రోజూ నర్సు ఎదురుగానే మింగితే వచ్చింది.

మాధురి:
అందరినీ కలిపి లెక్కేస్తే 49. రక్తంలో మందు కనబడినవాళ్లని మాత్రమే చూస్తే రక్షణ సుమారు 70 శాతం ఉంది. అంటే పనిచేయనిది మందు కాదు, వేసుకోని రోజులు. ప్రెప్‌గానే ఆరు నెలలకోసారి ఇచ్చే లెనకాపవిర్ ఇంజెక్షన్‌కి 2025లో అమెరికాలో అనుమతి వచ్చింది. దాన్ని దాచుకునే పని లేదు.

సుభద్ర:
మాధురి గారూ, ఆ ఇంజెక్షన్ మీద నాకూ ఆశ ఉంది. అయితే అనుమతికి ఆధారమైన పెద్ద ఫలితాలు లైంగికంగా సోకే హెచ్‌ఐవీ మీద వచ్చినవి. సూది విషయంలో అదే మాట అప్పుడే చెప్పేయకండి. మాత్రకి కూడా జాగ్రత్తలున్నాయి. మొదలుపెట్టే ముందు హెచ్‌ఐవీ పరీక్ష తప్పనిసరి. అప్పటికే సోకి ఉంటే ప్రెప్ చాలదు, వైరస్ మందుకి లొంగకుండా పోవచ్చు. కిడ్నీలు, హెపటైటిస్ బి కూడా చూడాలి. ఆ తర్వాత మూడు నెలలకోసారి పరీక్ష. కలయికకి ముందూ తర్వాతా మాత్రమే వేసుకునే పద్ధతి సూది ముప్పుకి సరిపోదు, రోజూ వేసుకోవాలి.

శ్రీకాంత్ గారూ, దాచుకోవడం కష్టమే. అందుకే కొందరు మా దగ్గరే వేసుకుని వెళ్తారు. మెథడోన్ కోసం ఎలాగూ రోజూ వస్తారు, అదే కిటికీ దగ్గర ఇది కూడా ఇస్తాం. కొత్త సిరంజిలూ అక్కడే. ప్రెప్ గురించి మొదటిసారి చెప్పినప్పుడు సైడ్ ఎఫెక్ట్స్ అడుగుతారనుకున్నాను. ఎక్కువ మంది అడిగింది వేరే: "అమ్మా, నా పేరు ఏ రిజిస్టర్‌లో రాస్తారు? అది పోలీసులు చూస్తారా?"