దిగేది పారిస్‌లో, తిరిగి ఎక్కేది రోమ్‌లో: ఓపెన్-జా టికెట్ లాభమా, దండగా?

మియాపూర్ మజిలీ

అందరికీ నమస్కారం. వచ్చే మే నెలలో నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు (15, 12 ఏళ్ళు) యూరప్ వెళ్దామనుకుంటున్నాం. పారిస్‌లో 3 రాత్రులు, స్విట్జర్లాండ్‌లో 3, తర్వాత వెనిస్, ఫ్లోరెన్స్, రోమ్ కలిపి 6. ఊళ్ళ మధ్య అన్నీ రైళ్ళే.

ఇంట్లో వారం రోజులుగా ఇదే గొడవ. హైదరాబాద్ నుంచి పారిస్‌కి రానుపోను టికెట్ మనిషికి 62,400 చూపిస్తోంది. పారిస్‌లో దిగి రోమ్ నుంచి తిరిగొచ్చేలా ఓపెన్-జా తీసుకుంటే 67,900. అదే గల్ఫ్ ఎయిర్‌లైన్, అవే తేదీలు. నలుగురికి కలిపి తేడా 22,000. "రానుపోను పారిస్‌కే కొనండి బావా, రోమ్ నుంచి పారిస్‌కి చవక విమానాలు బోలెడు, ఐదు వేలకే దొరుకుతాయి" అంటాడు మా బావమరిది. వచ్చిన దారినే మళ్ళీ వెనక్కి ఎందుకని మా ఆవిడ. వెళ్ళొచ్చినవాళ్ళు కాస్త లెక్కతో చెప్పండి.

దారిఖర్చు

నా ఓటు మీ బావమరిదికే. ఆఫర్ పడేది ఎప్పుడూ ఒక ఊరికి. పారిస్ ధర తగ్గిన రోజున రోమ్ ధర కూడా తగ్గాలని రూలేమీ లేదు కదా. ఓపెన్-జాలో ఒకవైపు చవక ధర, రెండోవైపు మామూలు ధర కట్టాల్సి వస్తుంది.

సామాను సంగతి కూడా చూసుకోండి. మేం వెళ్ళినప్పుడు మొదట దిగిన హోటల్లోనే రెండు పెద్ద పెట్టెలు వదిలేసి, తలో బ్యాక్‌ప్యాక్‌తో ఎనిమిది రోజులు తిరిగాం. చివరి రాత్రి మళ్ళీ అదే హోటల్. వెనిస్ వంతెనల మెట్ల మీద 23 కిలోల పెట్టె మోసినవాళ్ళని అడగండి, ఆ సుఖమేంటో చెప్తారు. ఓపెన్-జా తీసుకుంటే కొన్నవీ తెచ్చుకున్నవీ అన్నీ చివరి ఊరిదాకా వెంట మోయాల్సిందే.

నల్లకుంట అక్కయ్య

మజిలీ గారూ, 2024 మేలో మేం అచ్చంగా మీ బావమరిది చెప్పినట్టే చేశాం. మేమూ నలుగురమే, మా అత్తయ్యగారితో కలిపి. మా లెక్క రాస్తున్నా, మీరే చూసుకోండి.

రోమ్ నుంచి పారిస్‌కి టికెట్లు 20,800. ఆ ధరలో సీటు కింద పట్టే చిన్న సంచి తప్ప ఇంకేదీ రాదు కాబట్టి రెండు పెట్టెలకు 6,400. విమానం ఎక్కే ముందు ఒక ఇనుప చట్రం పెట్టి సంచి అందులో పడుతుందా లేదా చూస్తారు. అత్తయ్యగారి సంచి పట్టలేదు. ఆవిడ పాపం అందరి ముందూ కింద కూర్చుని శాలువా, మందుల డబ్బా, జంతికల ప్యాకెట్ ఒక్కొక్కటీ బయటికి తీశారు. అయినా పట్టలేదు. అక్కడ 4,300. ఆ విమానం దిగింది బోవేలో. పేరుకి పారిస్ ఎయిర్‌పోర్టే గానీ ఊరికి 85 కిలోమీటర్లు. బస్సు, టాక్సీ కలిపి 9,000. మర్నాడు మధ్యాహ్నం మా అసలు విమానం ఇంకో ఎయిర్‌పోర్టు నుంచి, అంటే షార్ల్ ద గోల్ నుంచి. కాబట్టి ఆ రాత్రికి హోటల్ 11,500. మొత్తం 52,000.

డబ్బు పోతే పోయింది, ఒక రోజంతా పోయింది. తెల్లవారుజామున నాలుగింటికి రోమ్‌లో గది ఖాళీ చేస్తే మళ్ళీ నడుం వాల్చింది రాత్రి తొమ్మిదికి. మధ్యలో చూసింది ఏమీ లేదు. మీరు 22,000 దగ్గర ఆలోచించకండి.

దారిఖర్చు

అక్కయ్య గారూ, అది రానుపోను టికెట్ తప్పు కాదు, బోవే విమానం ఎంచుకోవడం తప్పు. రోమ్ నుంచి నేరుగా షార్ల్ ద గోల్‌కే వెళ్ళే విమానాలున్నాయి. ఉదయం అందులో వెళ్ళి, సాయంత్రం అక్కడే అసలు విమానం ఎక్కితే హోటలూ లేదు, టాక్సీ లేదు.

టికెట్ల బల్ల

అమీర్‌పేటలో ఒక ట్రావెల్ ఆఫీసులో 14 ఏళ్ళుగా టికెటింగ్ చూస్తున్నాను. అదే రోజు రెండు వేర్వేరు టికెట్ల మీద వెళ్ళమని నేను ఎవరికీ చెప్పను, దారిఖర్చు గారూ. ఉదయం విమానం నాలుగు గంటలు లేటైతే సాయంత్రం విమానంవాళ్ళకి సంబంధం లేదు. వాళ్ళ రికార్డులో మీరు రాలేదు, అంతే. నలుగురికీ అప్పటికప్పుడు కొత్త టికెట్లు కొనాలి. మేలో ఆ ధర చూస్తే గుండె ఆగుతుంది.

ఇక ఓపెన్-జా ధర ఎలా వస్తుందో చెప్తాను, ఇది తెలిస్తే సగం గొడవ తీరుతుంది. పటం మీద గీసి చూస్తే ఒక చివర తెరుచుకున్న దవడలా ఉంటుందని ఆ పేరు. మామూలు ఎయిర్‌లైన్లు దీన్ని రెండు వన్‌వేలుగా లెక్కకట్టవు. వెళ్ళే ఊరి రానుపోను ధరలో సగం, వచ్చే ఊరి రానుపోను ధరలో సగం కలుపుతాయి. ఎయిర్‌పోర్టు పన్నుల వల్ల కొంచెం అటూ ఇటూ అవుతుంది. కాబట్టి మజిలీ గారూ, మీరు హైదరాబాద్–రోమ్ రానుపోను ధర కూడా ఒకసారి చూడండి. అది 72,000 దగ్గర ఉంటే, 62,400తో కలిపి సగం చేస్తే 67,200. మీకు చూపించిన 67,900 సరైన ధరే. అలా కాకుండా ఓపెన్-జా ఏ 90 వేలో చూపిస్తే, ఆ రోజు ఒకవైపు చవక సీట్లు అయిపోయాయని అర్థం. తేదీ ఒక రోజు ముందుకో వెనక్కో జరపండి. రోమ్‌లో దిగి పారిస్ నుంచి వచ్చేలా తిరగేసి కూడా చూడండి. ఊళ్ళు అవే, ధర చాలాసార్లు మారుతుంది.

వెతికేటప్పుడు "మల్టీ-సిటీ" అనే చోట నొక్కాలి. చాలామంది రెండు వన్‌వేలు విడివిడిగా వెతికి, కలిపి చూసి, "అమ్మో, ఓపెన్-జా ఇంత ఖరీదా" అనుకుంటారు. పెద్ద ఎయిర్‌లైన్లలో విదేశీ వన్‌వే చాలాసార్లు రానుపోనులో సగం కంటే బాగా ఎక్కువ ఉంటుంది.

దారిఖర్చు

సరే, సగం సగం లెక్క ఒప్పుకుంటాను, నాకు తెలియదు. కానీ ఆ "మల్టీ-సిటీ"లోనే నేను దెబ్బతిన్నాను. ఒక బుకింగ్ సైట్‌లో వెళ్ళడం ఒక ఎయిర్‌లైన్, రావడం ఇంకో ఎయిర్‌లైన్ కలిపి చవగ్గా చూపిస్తే కొన్నాను. ప్రయాణానికి నెల ముందు తిరుగు విమానం రద్దయింది. ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేస్తే సైట్‌ని అడగమన్నారు, సైట్‌వాళ్ళు ఎయిర్‌లైన్‌ని అడగమన్నారు. చివరికి ఆ ఒక్క ముక్కకే డబ్బు వాపసు వచ్చింది, అప్పటికి కొత్త టికెట్ ధర రెట్టింపు. రానుపోను కొంటే కనీసం ఒకే కంపెనీ బాధ్యత ఉంటుందన్నది నా బాధ. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

టికెట్ల బల్ల

మీ బాధలో న్యాయం ఉంది. కాకపోతే అది ఓపెన్-జా కాదండీ, రెండు వేర్వేరు టికెట్లను పక్కపక్కన పెట్టి అమ్మారు. తేడా పట్టుకోవడం సులువే. టికెట్ మెయిల్‌లో 13 అంకెల ఈ-టికెట్ నంబర్ ఉంటుంది. మొదటి మూడు అంకెలు ఎయిర్‌లైన్‌వి, ఎయిర్ ఇండియా అయితే 098, ఎమిరేట్స్ అయితే 176. ఒక ఈ-టికెట్‌లో నాలుగు విమానాల దాకా పడతాయి. హైదరాబాద్ నుంచి దోహా, దోహా నుంచి పారిస్, రోమ్ నుంచి దోహా, దోహా నుంచి హైదరాబాద్: సరిగ్గా నాలుగు. అంటే మనిషికి ఒకే నంబర్ రావాలి. వెళ్ళడానికి ఒకటి, రావడానికి ఇంకొకటి, అదీ మొదటి మూడు అంకెలు వేరువేరుగా వస్తే అది రెండు టికెట్ల బేరం. డబ్బు కట్టేముందే అడగండి.

ఇంకొకటి. ఒకే టికెట్‌లో వెళ్ళే విమానం ఎక్కకపోతే తిరుగు విమానం కూడా రద్దవుతుంది. "ముందు వేరే దారిలో వెళ్ళి, తిరుగు మాత్రం వాడుకుంటాం" అనే ఆలోచన పెట్టుకోకండి.

గన్నవరం నుంచి

టికెట్ మీద ఇంత మాట్లాడుతున్నారు, వీసా సంగతి ఎవరూ ఎత్తలేదు. మజిలీ గారూ, పారిస్‌లో దిగుతున్నారని ఫ్రాన్స్‌కి అప్లై చేయకండి. షెంజెన్ వీసా, అంటే చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసా, ఎక్కువ రోజులు ఉండే దేశానికి పెట్టాలి. మీకు ఇటలీలో 6 రాత్రులు, మిగతా రెండు చోట్లా మూడేసి. కాబట్టి ఇటలీ. మొదట దిగే దేశం లెక్కలోకి వచ్చేది రోజులు సమానమైనప్పుడే. మా స్నేహితుడి ఫైలు ఈ ఒక్క పొరపాటుతో వెనక్కి వచ్చింది.

ఫీజు 2024 జూన్ నుంచి పెద్దలకు 90 యూరోలు, మీ పిల్లలిద్దరికీ 12 నిండాయి కాబట్టి వాళ్ళకూ అంతే. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు ఉండాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు. ఓపెన్-జా వల్ల వీసాకి ఇబ్బంది లేదు, పైగా ఫైలు చూసేవాళ్ళకి మీ దారి ఒక గీతలా కనిపిస్తుంది.

విశాఖ తీరం

అన్నిచోట్లా ఈ సగం సగం లెక్క నడవదని కూడా రాయండి. మేం వియత్నాం వెళ్ళాం, హనోయ్‌లో దిగి హోచిమిన్ సిటీ నుంచి తిరిగొచ్చాం. బడ్జెట్ ఎయిర్‌లైన్లు ఒక్కో వైపుకి విడిగా ధర పెడతాయి. రానుపోను కొన్నా రెండు వన్‌వేలు కొన్నా ఒకటే. కాబట్టి అక్కడ ఓపెన్-జాకి అదనం ఏమీ లేదు, ఏ రోజు ఏ ఊరికి చవకో చూసుకుని రెండు వన్‌వేలు తీసుకోవడమే. ఆ దేశం పొడుగు చూస్తే వెనక్కి రావడమనేది మాటే కాదు, ఆ రెండు ఊళ్ళ మధ్య రైలు దారి 1,700 కిలోమీటర్ల పైన. ఈ-వీసా ఫారంలో ఎక్కడ దిగుతారో, ఎక్కడి నుంచి బయటికి వెళ్తారో రెండూ అడుగుతారు. మేం రెండు చోట్లా హనోయ్ అని కొట్టబోయి ఆగాం.

ఫ్రిస్కో కోడలు

సెలవు యాత్రే కాకపోయినా నాకు ఓపెన్-జా విలువ తెలిసింది మా అత్తయ్యగారు, మామయ్యగారు అమెరికా వచ్చినప్పుడు. మేముండేది డాలస్ దగ్గర, మా బావగారు శాన్ హోసేలో. మొదటిసారి రానుపోను డాలస్‌కే కొని, మధ్యలో కాలిఫోర్నియాకి లోకల్ విమానాలు పెట్టాం. నాలుగు పెట్టెలకూ రెండుసార్లు బ్యాగేజీ ఫీజు. పైగా ఇద్దరికీ ఇంగ్లీషు రాదు, ఎయిర్‌పోర్టులో గేటు మారితే మాకు ఇంట్లో టెన్షన్.

రెండోసారి డాలస్‌లో దిగి శాన్ ఫ్రాన్సిస్కో నుంచి హైదరాబాద్ వెళ్ళేలా తీసుకున్నాం. డాలస్ రానుపోను కంటే మనిషికి మూడు వేలు కూడా ఎక్కువ కాలేదు. మధ్యలో ఒక్క లోకల్ విమానం, దానికి మా ఆయనే వెంట వెళ్ళారు. పెద్దవాళ్ళతో ప్రయాణమైతే నేను ఇంకో మాట వినను.

టికెట్ల బల్ల

ఈ చర్చ చూసి ఒకరు లండన్, పారిస్ కలిపి ఎలా అని నాకు విడిగా మెసేజ్ పెట్టారు. అందరికీ పనికొస్తుందని ఇక్కడే రాస్తున్నా. లండన్‌లో దిగండి, పారిస్ నుంచి తిరిగి ఎక్కండి. బ్రిటన్ నుంచి బయల్దేరే విమానానికి అక్కడి ప్రభుత్వం పన్ను వేస్తుంది. 2025 ఏప్రిల్ నుంచి ఏడాదిపాటు ఇండియా దూరానికి ఎకానమీలోనే 90 పౌండ్లు ఉండేది. 16 ఏళ్ళలోపు పిల్లలకు ఎకానమీలో లేదు. అక్కడ దిగినందుకు ఆ పన్ను పడదు. మధ్యలో యూరోస్టార్ రైలు రెండున్నర గంటల లోపే. బ్రిటన్ వీసా వేరు, షెంజెన్ వేరు, రెండూ ఉండాలి.

మియాపూర్ మజిలీ

అందరికీ చాలా చాలా కృతజ్ఞతలు. నిన్న రాత్రి మా ఆవిడా నేనూ కూర్చుని టికెట్ల బల్ల గారు చెప్పినట్టు తిరగేసి వెతికాం. మంగళవారం రోమ్‌లో దిగి, చివర పారిస్ నుంచి వస్తే 65,200. అక్కయ్య గారి 52,000 లెక్క కాగితం మీద రాసి మా బావమరిదికి చూపించాను. ఒక్క నిమిషం చూసి, "బోవే అంత దూరమని నాకూ తెలియదు బావా" అన్నాడు.

వీసా రాకపోతే డబ్బంతా పోకుండా, రద్దు చేసుకుంటే మనిషికి 6,000 మాత్రమే కోసే ఫేర్ తీసుకున్నాం. అది 68,000 పడింది. దారిఖర్చు గారి సామాను మాట కూడా మనసులో పెట్టుకున్నాం. నలుగురికీ కలిపి రెండే మధ్య సైజు పెట్టెలు, షాపింగ్ ఏదైనా ఉంటే చివర్లో పారిస్‌లోనే.

టికెట్ మెయిల్ రాగానే మా అమ్మాయి నంబర్లు లెక్కపెట్టింది. ఒక్కొక్కరికి ఒక్కటే, 13 అంకెలు.

దారిఖర్చు

మంచిదండీ. వెనిస్‌లో హోటల్ మాత్రం రైల్వే స్టేషన్ వైపే, వంతెన దాటక్కర్లేని చోట తీసుకోండి.