డ్రైవ్‌కి స్టార్ట్-స్టాప్ వైర్లు లాగాలా, కమ్యూనికేషన్ కేబుల్ ఒక్కటే చాలా?

పీన్యా_ప్యానెల్: ఇక్కడ బెంగళూరు పీన్యాలో ఒక ఫ్యాక్టరీకి 12 వీఎఫ్‌డీల (మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్‌ల) ప్యానెల్ కడుతున్నాం. రన్, స్పీడ్ అన్నీ మోడ్‌బస్ (ఒకే కేబుల్ మీద డ్రైవ్‌లన్నిటితో మాట్లాడే పద్ధతి) మీదే ఇద్దామనుకుంటున్నా. వైరింగ్ తగ్గుతుంది, మోటారు కరెంటు, ట్రిప్ కోడ్ (డ్రైవ్ ఎందుకు ఆగిపోయిందో చెప్పే నంబరు) కూడా పీఎల్‌సీలో (మెషీన్లను నడిపే కంట్రోలర్‌లో) కనిపిస్తాయి. మీరేమంటారు?

నైట్‌షిఫ్ట్_ఫిట్టర్: వద్దన్నా. మా ప్లాంటులో మోడ్‌బస్ నడిచే ఆర్‌ఎస్-485 కేబులూ మోటారు కేబులూ ఒకే ట్రేలో వేశారు. మోటారు కేబుల్ నాయిస్‌కేమో, ఒక రాత్రి కమ్యూనికేషన్ పోయింది. డ్రైవ్ మాత్రం చివరిగా అందిన స్పీడ్‌తో తిరుగుతూనే ఉంది. స్క్రీన్ మీద స్టాప్ నొక్కితే కన్వేయర్ ఆగదే! అట్టపెట్టెలు నా మోకాళ్ల దాకా పేరుకున్నాయి. బ్రేకర్ దించేస్తే గానీ ఆగలేదు.

పీన్యా_ప్యానెల్: అది వేసినవాడి తప్పు. కమ్యూనికేషన్ పోతే ట్రిప్ అయ్యేలా టైమవుట్ పారామీటర్ ఉంటుంది కదా. లైనుకి రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టారా?

నైట్‌షిఫ్ట్_ఫిట్టర్: ఒక్క చివరే ఉంది. అయితే ఏంటి?

పీన్యా_ప్యానెల్: అదే మరి! రెండో చివర లేకపోతే సిగ్నల్ వెనక్కి కొడుతుంది.

అంబత్తూరు_ఆటోమేషన్: మోడ్‌బస్ 1979 నాటిది. ఈథర్‌నెట్ మీద నడిచే ప్రొఫినెట్ వేసుకోండి.

హోసూరు_రోడ్: ఏది వేసినా ఎమర్జెన్సీ స్టాప్‌ని మామూలు మోడ్‌బస్ మీద పెట్టొద్దు. డ్రైవ్‌లోని ఎస్‌టీఓ (మోటారుకి టార్క్ ఆపేసే సేఫ్టీ) టెర్మినళ్లకి వైరుతోనే ఇవ్వండి.

పీన్యా_ప్యానెల్: ఎమర్జెన్సీ ఎలాగూ వైరే. రోజూ వాడే స్టార్ట్-స్టాప్ గురించే నేను అడిగింది. ఫిట్టర్ గారు ఒక్క రెసిస్టర్ లోపాన్ని పట్టుకుని టెక్నాలజీనే వద్దంటున్నారు. కాలంతో పాటు నేర్చుకోవాలి.

నైట్‌షిఫ్ట్_ఫిట్టర్: నేర్చుకోవడమా? దేనితో? వైరైతే మల్టీమీటర్ పెట్టి 24 వోల్టులు వచ్చాయో లేదో నిమిషంలో చెప్తా. నెట్‌వర్క్ అయితే నాకు ల్యాప్‌టాప్ లేదు, పీఎల్‌సీకి పాస్‌వర్డ్ పెట్టి వెళ్లిపోయారు. రాత్రి రెండింటికి ప్యానెల్ కట్టినవాళ్లు ఫోన్ ఎత్తరు. పొద్దున మేనేజరు ముందు నిలబడేది నేను.

హోసూరు_రోడ్: అన్నా, మీ ప్యానెళ్లకీ పాస్‌వర్డ్ పెడతారా?

పీన్యా_ప్యానెల్: పెడతాం. మూడు నెలలు కూర్చుని రాసిన ప్రోగ్రాం కాపీ కొట్టి పక్కవాడికిస్తే మా గతేంటి? సరే, లోకల్-రిమోట్ సెలెక్టర్ స్విచ్ (ప్యానెల్ దగ్గర నుంచా, నెట్‌వర్క్ నుంచా అని ఎంచుకునేది) పెట్టి, లోకల్‌కి రన్ వైరు లాగుతా. ఏ మోడ్‌బస్ రిజిస్టర్‌లో (డేటా ఉండే నంబరు గడిలో) ఏముందో ప్రింటు తీసి ప్యానెల్ తలుపు లోపల అంటిస్తా. పాస్‌వర్డ్ మాత్రం అడగొద్దు.

నైట్‌షిఫ్ట్_ఫిట్టర్: ఆ ప్రోగ్రాంకి డబ్బు కట్టింది ఫ్యాక్టరీ. మార్చే హక్కు నేనడగట్లేదు, లోపల ఏం జరుగుతోందో చూడనివ్వమంటున్నా. అది కూడా ఇవ్వకపోతే పన్నెండు డ్రైవ్‌లకీ వైర్లే లాగండి.