గూళ్ళ కాలంలో తేలినీలాపురం చెట్ల కిందికి జనాన్ని రానివ్వాలా?

టెక్కలి బస్సు:
సంక్రాంతికి ఇంటికొచ్చిన చుట్టాలందరూ అడిగేది ఒక్కటే, మన శ్రీకాకుళం జిల్లాలో పక్షులు గూళ్ళు కట్టే తేలినీలాపురం ఎప్పుడు తీసుకెళ్తావని. వెళ్తే చింతచెట్ల కింద సెల్ఫీల రద్దీ, పక్షులు ఎగరాలని ఈలలు, చప్పట్లు. ఈ మధ్య డ్రోన్లు కూడా మొదలయ్యాయి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా చెట్ల కిందికి ఎవరినీ రానివ్వకూడదని నా మాట. దూరం నుంచి చూసుకోవచ్చు. మీరేమంటారు?

ఉద్దానం అబ్బాయి:
ఏటి బావూ, ఏడాదికోసారి సైబీరియా నుంచి వచ్చే చుట్టాలు అవి. వాటిని చూడటానికి వచ్చే నాలుగు కార్లనీ ఆపేస్తే ఊరికి మిగిలేది రెట్టల కంపే కదా! టీ కొట్టు, కొబ్బరిబొండాల బండి ఆ రెండు నెలలే నడుస్తాయి. వేల మైళ్ళు ఎగిరొచ్చిన పక్షి మన సెల్ఫీకి భయపడుతుందా?

గట్టు మీద గొడుగు:
ముందు ఆ సైబీరియా సంగతి తేల్చుకుందాం తమ్ముడూ. బడి పుస్తకం దగ్గర్నుంచి పేపరు దాకా అందరూ అదే రాస్తారు. తేలినీలాపురంలో ఉండేవి గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ళ కొంగలు. రెండూ మన వైపు పక్షులే. గూడబాతు గూడు పెట్టేది ఇండియా, శ్రీలంక, కంబోడియా వంటి చోట్లే. నీరు, చేప ఎక్కడుంటే అక్కడికి తిరుగుతుంది తప్ప మంచు దేశం దాని పుట్టిల్లు కాదు.

నిజంగా ఉత్తరం నుంచి వచ్చేవి వేరే ఉన్నాయి. శీతాకాలంలో చెరువుల్లో, తంపరల్లో (చిత్తడి నేలల్లో) దిగే సూదితోక బాతులు అలాంటివి. అవి ఇక్కడ తిని, ఒళ్ళు చేసుకుని, ఎండలు ముదిరేలోగా వెళ్ళిపోతాయి. గుడ్లు పెట్టేది అక్కడికి పోయాకే. మనం గట్టు మీద కాస్త అలికిడి చేస్తే లేచి పక్క చెరువులో వాలతాయి. నష్టం లేదనను గానీ, కోలుకునే నష్టమే.

చింతచెట్టు మీదున్న గూడబాతు సంగతి అలా కాదు. అక్టోబరు నాటికి వచ్చి గూడు కడుతుంది. సంక్రాంతికి చాలా గూళ్ళలో బొచ్చు పిల్లలే ఉంటాయి. పిల్లకు రెక్కలొచ్చి ఎగరడానికి మూడు నెలలు దాటుతుంది. కింద నీ ఈలకు తల్లి లేచిందనుకో, కాకి కాచుకునే ఉంటుంది. బెదిరి కింద పడ్డ పిల్లను తల్లి దిగొచ్చి మేపదు. చుట్టాలకు కాదు, బాలింతకు పెట్టాల్సిన మర్యాద పెట్టమంటున్నా.

సోంపేట అమ్మాయి:
గొడుగు గారూ, అయితే తేలుకుంచికి తేదీలు మార్చాలిగా? ఇచ్ఛాపురం దగ్గర నత్తగుల్ల కొంగలు జూన్‌లో తొలకరితో వస్తాయి. ఉభాలప్పుడు, అంటే వరి నాటేటప్పుడు, మళ్ళలో నీళ్ళు, నీళ్ళలో నత్తలు. వాటి ముక్కు మధ్యలో సందు ఉండేది ఆ నత్తల పని పట్టడానికే కదా. వానలు తగ్గి చలి మొదలయ్యేసరికి పిల్లలతో సహా లేచిపోతాయి. జనవరిలో తేలుకుంచి వెళ్ళి 'పక్షుల్లేవు, మోసం' అని తిట్టుకుంటూ తిరిగొచ్చినవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు.

అమ్మగారి ఊరు అక్కడే:
మా అమ్మ వాళ్ళ ఊరు తేలినీలాపురానికి కూతవేటు దూరం. అందుకే ఇన్నాళ్ళూ ఆగి ఇప్పుడు రాస్తున్నా. పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలతో పోలుస్తారు ఆ పక్షుల్ని మా పెద్దవాళ్ళు. అవి రాని ఏడు మంచిది కాదంటారు. పెరట్లో బట్టలు ఆరేసుకోలేం, పైనుంచి సగం తిన్న చేపలు పడతాయి, వాసన చెప్పనక్కర్లేదు. అయినా చెట్టు కొట్టరు. మీరు కారు దిగి గంటసేపు ఉండి, నియమాలు పెట్టాలో వద్దో తేల్చేస్తారు. ఆపేదైనా, వదిలేదైనా ముందు ఆ పెరళ్ళ వాళ్ళను అడగండి. వాళ్ళకు చెట్టుకింత డబ్బు అని ఏటా ఇస్తే టీ కొట్టు లెక్క కూడా తీరుతుంది.

టెక్కలి బస్సు:
అక్కా, మీరన్నది నిజం. నేను రాసిన దాంట్లో డబ్బు సంగతే లేదు.

నౌపడ ఉప్పు:
అందరూ చెట్టు చుట్టూనే తిరుగుతున్నారు. పక్షి తినేది చెట్టు మీద కాదు. ఉప్పు కొఠార్ల పక్కన బాడవలు (నీరు నిలిచే పల్లపు నేలలు), నౌపడ క్రీకు, కాకరాపల్లి తంపర, అవీ వాటి వంటిళ్ళు. ఆ తంపరలో థర్మల్ ప్లాంటు వద్దన్నందుకు 2011 ఫిబ్రవరిలో పోలీసు కాల్పులు జరిగాయి. అంతకు ముందు ఏడాది జూలైలో సోంపేటలో బీల అనే చిత్తడి నేల కోసం అదే జరిగింది. బీల వల్ల రైతుకు నీరు, బెస్తకు చేప, కొంగకు మేత. పోరాడింది రైతులు, బెస్తలు. పక్షుల ఫోటోలు తీసేవాళ్ళు ఆనాడు ఎంతమంది వచ్చారో నాకు తెలుసు!

2021 చివర్లో, 2022 మొదట్లో గూడబాతులు గుంపులుగా చచ్చిపడ్డాయి, గుర్తుందా? చేపల ద్వారా కడుపులో చేరిన నులిపురుగులే కారణమన్నారు. ఏ సెల్ఫీ చంపింది వాటిని? తాళ్ళు కట్టి జనాన్ని ఆపడం తేలిక. చేపల చెరువుల్లో ఏం జరుగుతోందో చూడటం కష్టం. మనం ఎప్పుడూ తేలిక పనే ఎంచుకుంటాం.

గట్టు మీద గొడుగు:
ఉప్పు గారూ, మేత మాట పెద్దదే, ఒప్పుకుంటాను. అయితే తంపర బాగుపడే దాకా ఈ ఏటి పిల్లలు ఆగవు కదా. తాడు కట్టడానికి ఒక్కరోజు చాలు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానంలో ఎన్ని చెట్లను పడగొట్టిందో చూశాం. గూళ్ళకు పనికొచ్చే పెద్ద చెట్లు తిరిగి పెరగడానికి ఏళ్ళు పడుతుంది. మిగిలిన కొన్ని చెట్ల కింద జాతర చెయ్యొద్దనడం తేలిక పనైతే కానివ్వండి.

నాదొక సూచన. జనవరిలో పిల్లల బడి బస్సులను తంపర గట్ల మీదికి, ఉప్పు కొఠార్ల వైపుకి తిప్పండి. బైనాక్యులర్ ఒకటి చాలు, వంతులవారీగా చూస్తారు. అక్కడికి జనం వస్తుంటే ఆ నేలను పూడ్చాలనుకునేవాడికి కూడా కాస్త జంకు.

ఉద్దానం అబ్బాయి:
సరే అన్నా, సైబీరియా వెనక్కి తీసుకున్నా. కానీ గట్టు మీద నీడ లేదు, మరుగుదొడ్డి లేదు. అరవై మంది పిల్లల్ని దింపి మధ్యాహ్నం దాకా ఏం చేస్తారు టీచర్లు?

నౌపడ ఉప్పు:
పొద్దున్న తొమ్మిదిలోపు తీసుకురమ్మనండి. మధ్యాహ్నం ఉప్పు మళ్ళ దగ్గర పక్షి కాదు, మనిషే నిలబడలేడు.