జూన్‌లో అమ్మానాన్నలతో ట్రైల్ రిడ్జ్ రోడ్డు (కొలరాడో): వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి

డెన్వర్_కొత్త
రాకీ మౌంటెన్ నేషనల్ పార్కుకు తీసుకెళ్దామనుకుంటున్నాం. నాన్నకు బీపీ ఉంది. అంత ఎత్తంటే టెన్షన్‌గా ఉంది.

అరోరా_పద్మ
వాళ్ళు విమానం దిగిన మర్నాడే మాత్రం బయల్దేరకండి. డెన్వరే 5,280 అడుగులు, ఆ రోడ్డు 12,183 అడుగుల దాకా ఎక్కుతుంది. మేం మా అత్తయ్యగారిని కొన్నాళ్ళు ఇంట్లోనే ఉంచి, కొండ కింద ఎస్టెస్ పార్క్ అనే ఊళ్ళో ఒక రాత్రి ఆగి పైకెళ్ళాం. పైన నాలుగడుగులు వేసి ఆగుతూ నడిచారు, అంతే. బీపీ సంగతి ముందే డాక్టర్‌ని అడగండి. అద్దె ఇల్లు తీసుకుంటే కుక్కర్ మర్చిపోవద్దు. ఆ ఎత్తులో నీళ్ళు తక్కువ వేడికే మరిగిపోతాయి, మామూలు గిన్నెలో కందిపప్పు ఓ పట్టాన ఉడకదు.

లాంగ్‌మాంట్_రవి
పొద్దున్నే వెళ్ళి మధ్యాహ్నానికల్లా దిగిపోండి. వేసవిలో మధ్యాహ్నం దాటితే ఉరుములు, పిడుగులు. పైన ఒక్క చెట్టు ఉండదు, తలదాచుకునే చోటూ ఉండదు. జూన్‌లో కూడా మంచు పడి రోడ్డు మూసేస్తుంటారు, బయల్దేరేముందు చూసుకోండి. ఇంకొకటి, దయచేసి బాట దాటి అడుగు వేయొద్దు. నేలకు అంటుకుని చిన్న చిన్న నీలిపూలు పూస్తాయి. ఒకసారి తొక్కితే ఆ మొక్కలు కోలుకోవడానికి ఏళ్ళు పడుతుంది.

గ్రీలీ_శ్రీను
అదే రోడ్డులో మిల్నర్ పాస్ అనే కనుమ దగ్గర కాంటినెంటల్ డివైడ్ బోర్డు ఉంటుంది, అక్కడ తప్పకుండా ఆగండి. అటు పడిన చినుకు కొలరాడో నదిలోకి, ఇటు పడింది మిస్సిసిపీ వైపు. ఈ రాష్ట్రం కష్టమంతా అక్కడే అర్థమవుతుంది. వాన, మంచు ఎక్కువ పడేది పడమర. జనం, పొలాలు ఎక్కువున్నది తూర్పున. అందుకే ఆ కొండల కిందుగా 13 మైళ్ళ ఆల్వా ఆడమ్స్ సొరంగం తవ్వి, 1947 నుంచి నీళ్ళు ఇటు మళ్ళిస్తున్నారు. మా గ్రీలీ చుట్టుపక్కల మొక్కజొన్న చేలకు ఆ నీళ్ళు పెద్ద అండ. మాది మార్కాపురం వైపు. వెలిగొండ సొరంగం కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసిన రైతు మా నాన్న. ఆ బోర్డు దగ్గర నుంచి కదలనంటే కదలనన్నారు.

సమ్మిట్_లక్ష్మి
భోజనానికి, బసకు ఎస్టెస్‌లో చిన్న చిన్న చోట్లకు వెళ్ళండి. ఒకప్పుడు ఈ కొండలు వెండి గనులతో బతికాయి, 1893లో వెండి ధర పడిపోయాక చాలా ఊళ్ళు ఖాళీ అయ్యాయి. ఇప్పుడు చాలా కొండ ఊళ్ళకు స్కీయింగ్, టూరిస్టులే ఆధారం. కానీ అక్కడ పనిచేసేవాళ్ళే ఆ ఊళ్ళలో అద్దెలు కట్టలేకపోతున్నారు, అది నాకు చాలా బాధగా ఉంటుంది.

డెన్వర్_కొత్త
అందరికీ థాంక్స్ అండి. పైనుంచి అటు పడమరగా గ్రాండ్ లేక్ ఊరి వైపు దిగాలా, ఎస్టెస్ మీదుగా వెనక్కి రావాలా?

అరోరా_పద్మ
పెద్దవాళ్ళతో కాబట్టి వెనక్కే రండి. అటు దిగితే డెన్వర్ చేరడానికి బెర్తూడ్ పాస్ మీదుగా మళ్ళీ 11,000 అడుగులు దాటి ఎక్కాలి.